తెచ్చిన రోజు అయిదు స్టార్లు, ఏడాది తిరిగేసరికి మూడు

ఒడిశాలో మా బరంపురంలో ఇంటికొచ్చి పూలకుండీలు సర్దిపెట్టే నర్సరీ ఒకటుంది. వాళ్ళ సర్వీసు ఏడాదిగా వాడుతున్నాను. కుండీలు దిగిన సాయంత్రమే రివ్యూ రాసుంటే కళ్ళు మూసుకుని అయిదు స్టార్లు ఇచ్చేసేదాన్ని, ఎందుకంటే ఆ ఫొటోలు చూసి విశాఖలో ఉన్న మా చెల్లెలు కూడా కుళ్ళుకుంది. ఇప్పుడు మూడిస్తున్నాను. అందులో రెండు వాళ్ళు పంపే మాలీవి, ఒకటి వాళ్ళు కలిపే మట్టిది. డిజైనుకి సున్నా. పేరు మాత్రం రాయను, తిట్టాల్సింది చాలా ఉంది, పైగా చెప్పాక కొన్ని దిద్దుకున్నారు కూడా.

క్రితం ఏడాది మా ఊళ్ళో ఠాకురాణి యాత్ర. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, అమ్మవారి జాతర ఇది, రెండేళ్ళకోసారి చైత్రంలో వస్తుంది, వారాల తరబడి జరుగుతుంది. ఇచ్ఛాపురం, పలాస, పర్లాకిమిడి, ఎక్కడెక్కడి చుట్టాలూ మా ఇంట్లోనే దిగుతారు. ఇంటి ముందు చూస్తే రంగు వెలిసిన రెండు కుండీల్లో సగం ఎండిన క్రోటన్లు. మార్చిలో ఫోను చేస్తే నర్సరీ ఆయన మర్నాడే వచ్చి, గేటూ మెట్లూ వరండా రెయిలింగూ అన్నీ కొలుచుకుని, సెల్లులో ఏవో ఫొటోలు చూపించి, తొమ్మిది కుండీలూ రెండు రెయిలింగు పెట్టెలూ కలిపి 9,400 అన్నాడు, నెలకి 500 ఇస్తే మాలీ రెండుసార్లు వచ్చి చూసుకుంటాడన్నాడు. బేరమాడితే 9,000కి దిగాడు. నాలుగు రోజుల్లో ఆటో ట్రాలీలో అన్నీ వచ్చేశాయి. దించేటప్పుడు ఒకటి పగిలితే అడక్కుండానే మర్నాడు కొత్తది తెచ్చిచ్చారు. ఇక్కడిదాకా వంక పెట్టడానికేమీ లేదు.

ముందు మెట్ల సంగతి. మెట్టుకొకటి చొప్పున నాలుగు కుండీలు, నాలుగింటిలోనూ పిటూనియాలే, ఊదా ఒకటి, గులాబీ ఒకటి, మళ్ళీ ఊదా, మళ్ళీ గులాబీ. కళ్ళు చెదిరిపోయాయి. యాత్ర సగంలో ఉండగానే కాడలు పొడుగ్గా సాగిపోయి, ఆకులు జిగటగా పసుపెక్కి, చివర ఒక్కో పువ్వు వేలాడుతూ మిగిలింది. పిటూనియా చలికాలపు మొక్కండీ. మన వైపు అక్టోబరు, నవంబరుల్లో నాటితే ఫిబ్రవరి దాకా విరగబూస్తుంది, మార్చితో దాని పని అయిపోయినట్టే. ఇది నాకు అప్పుడు తెలియదు, కానీ రోజూ మొక్కలమ్ముకునే ఆయనకి తెలియదా? అడిగితే "ఎండలకి అంతే కదా అమ్మా" అన్నాడు. ఎండలొస్తాయని మార్చిలో తెలిసే కదా ఇచ్చావు అంటే నవ్వాడు. మిగిలిపోయిన చలికాలం సరుకు మా మెట్ల మీద సర్దేశాడు, ఇంకేం లేదు. గొడవపడితే నాలుగింటిలోనూ ఉచితంగా నాచుపూలు పెట్టిచ్చాడు. ఎర్రవీ పసుపువీ తెల్లవీ కలిపిన ఆ నాచుపూలు, పది రూపాయల మొక్కలు, మే నెల ఎండలో నవ్వుతూ కూర్చున్నాయి. పొద్దెక్కాక విచ్చుకుని ఎండ తగ్గాక ముడుచుకుంటాయి కాబట్టి సాయంత్రం వచ్చే చుట్టాలకి కనబడవు, అదొక్కటే లోటు.

అసలు కోపం వచ్చింది పెద్ద కుండీ దగ్గర. వరండా మూల పెట్టడానికి పద్దెనిమిదంగుళాల వెడల్పు సిమెంటు కుండీ, వాళ్ళ షో పీసు అది. మధ్యలో ఎడారి గులాబీ, అదే అడేనియం, బొద్దుగా ఏనుగు పాదంలాంటి మొదలు, దాని చుట్టూ ఎర్రటి ఆకుల కోలియస్, అంచుల మీంచి కిందికి జారుతూ ఊదా రంగు వాండరింగ్ జ్యూ. ఎత్తుకొకటి, నిండుకొకటి, జారడానికొకటి. కుండీ అమర్చడంలో సూత్రం అదే, నిలబడేదీ నింపేదీ జారేదీ ఉంటే కంటికి నిండుగా ఉంటుంది. ఆ లెక్క వాళ్ళు తప్పలేదు. తప్పిందల్లా దాహం లెక్క. కోలియస్‌కి ఎండాకాలంలో ఒక పూట నీళ్ళు తప్పితే చాలు, తల వాల్చేస్తుంది. ఎడారి గులాబీ పేరులోనే ఉంది, నీళ్ళు మొదట్లో దాచుకుని బతికే మొక్క, మట్టి బాగా ఆరాకే మళ్ళీ తడపాలి. రెండింటికీ ఒకే కుండీ, ఒకే మగ్గు. కోలియస్ వాడిపోతోందని నేను రోజూ పోస్తూనే ఉన్నాను.

జూలైలో వానలు పట్టాక ఎడారి గులాబీ ఆకులు ఒక్కొక్కటే రాల్చింది. వానాకాలం కదా అనుకున్నాను. ఒకరోజు పక్కన గడ్డి పీకుతూ ఆ లావు మొదలు మీద బొటనవేలు ఆనించాను, బాగా మగ్గిన అరటిపండు నొక్కినట్టు వేలు లోపలికి దిగిపోయింది. గోధుమరంగు నీళ్ళు కారాయి, పులిసిన వాసన. పైకి మాత్రం మామూలుగా బూడిదరంగు చర్మం, ఏమీ తెలియనట్టు. ఆ ఒక్క మొక్కకి బిల్లులో 850 వేశారు.

మాలీ వచ్చి, కుళ్ళింది అంతా కోసేసి, పైనున్న రెండు గట్టి కొమ్మలు విడదీసి, నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో గుచ్చాడు. ఒకటి పోయింది, ఒకటి చిగురేసింది. కొమ్మ నాటితే బతుకుతుంది కానీ ఆ ఏనుగు పాదం లావు మొదలు మళ్ళీ అలా రాదట, గింజ నుంచి పెరిగినవాటికే బాగా వస్తుందట. అంటే ఇప్పుడు నాకున్నది ఒక సన్న కర్ర.

ఆ పెద్ద కుండీ ఖాళీ చేసినప్పుడు ఇంకోటి బయటపడింది. అడుగున మూడంగుళాల ఎత్తున గులకరాళ్ళు. నీళ్ళు తొందరగా దిగడానికని నర్సరీ ఆయన గర్వంగా చెప్పాడు, నేనూ చిన్నప్పటి నుంచీ అదే విన్నాను. నిజానికి జరిగేది తలకిందులు. సన్నటి మట్టి కింద పెద్ద సందులున్న రాళ్ళ పొర తగిలితే, రాళ్ళకి ఆనుకున్న మట్టి పూర్తిగా నానేదాకా నీళ్ళు ఆ రాళ్ళలోకి దిగవు. గిన్నెలు తోమే స్పాంజి తడిపి, కింద ఏమీ లేకుండా గాల్లో పట్టుకుని చూడండి, కాసేపు కారి ఆగిపోతుంది, అడుగు అంచున మాత్రం తడి నిలబడే ఉంటుంది. కుండీ మట్టిలోనూ అంతే, అడుగున నానిన పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. రాళ్ళు పోస్తే ఆ పొర మూడంగుళాలు పైకి, సరిగ్గా వేళ్ళ దగ్గరికి జరుగుతుంది. కన్నం మీద మట్టి జారకుండా ఒక పెంకు ముక్క బోర్లిస్తే సరిపోతుంది. డబ్బులు పెట్టి రాళ్ళు కొనుక్కున్నాను నేను.

రెయిలింగు పెట్టెల కథ ఇంకా అన్యాయం. పొడుగాటి ప్లాస్టిక్ పెట్టెలు, ఆరంగుళాల లోతు, వాటిలో తెల్ల బిళ్ళగన్నేరు. బిళ్ళగన్నేరంటే ఎక్కడ పారేసినా మొలిచే మొక్క, స్మశానాల్లో కూడా పూస్తుంది, అలాంటిది మా ఇంట్లో పసుపెక్కి కాడలు నల్లబడింది. వాన వెలిసిన పొద్దున మా అత్తగారు పెట్టె కొసని చేత్తో ఎత్తి, "ఏటమ్మా ఇది, బిందెలా బరువుంది, లోపల నీళ్ళు గలగలమంటున్నాయి" అన్నారు. దించి తిరగేసి చూస్తే అడుగున కన్నాల గుర్తులు ఉన్నాయి, గుండ్రంగా ఆరు, ఒక్కటీ పొడిచి లేదు. ఇలాంటి ప్లాస్టిక్ పెట్టెలు చాలావరకు అలాగే వస్తాయట, కొన్నాక మనమే పొడుచుకోవాలి. నాటినవాళ్ళు చూసుకోలేదు, నేను నమ్మాను. గ్యాసు పొయ్యి మీద పాత స్క్రూడ్రైవరు ఎర్రగా కాల్చి ఆరు కన్నాలూ పెట్టాం, వరండా అంతా ప్లాస్టిక్ కమురు వాసన, మురికినీళ్ళు బకెట్టులో సగం దాకా వచ్చాయి. అందులో దోమపిల్లలు ఈదుతున్నాయి!

మెచ్చుకోవాల్సినవి కూడా చెబుతాను. గేటుకి రెండు వైపులా పెట్టిన కాగితాల పూలు బ్రహ్మాండం. పడమటి ఎండ అంతా అక్కడే పడుతుంది, దానికి కావాల్సిందీ అదే. కాస్త నీళ్ళకి మాడితేనే ఎక్కువ పూస్తుంది. మాకు గోపాల్‌పూర్ సముద్రం పదిహేను కిలోమీటర్లు. ఉప్పుగాలికి తట్టుకునే మొక్క కాబట్టి గోపాల్‌పూర్ వైపు ఉండేవాళ్ళయితే కాగితాల పూలు, గన్నేరు, నాచుపూలు, వీటితో సరిపెట్టుకోండి, సున్నితమైన ఆకులవాటి జోలికి వెళ్ళకండి.

వాళ్ళు కలిపే మట్టి కూడా మంచిదే. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు, కాస్త ఇసుక, గుప్పెడు వేపపిండి. చేత్తో పిసికితే ముద్ద అవుతుంది, వేలితో తడితే విడిపోతుంది. కోకోపీట్ కూడా కడిగే వాడతారు, ఉప్పు ఉంటుందని. మరి తకరారు ఎక్కడంటే, ఈ మంచి మట్టి మధ్యలో మొక్కని కవరులోంచి తీసి ఉన్నదున్నట్టు కూర్చోబెట్టేస్తారు. మొక్కలు రాజమండ్రి దగ్గరి కడియం నుంచి వస్తాయి, నాలుగొందల కిలోమీటర్ల పైనే ప్రయాణం, లారీలో చెదరకుండా ఉండాలంటే బంకమట్టి ముద్దలో గట్టిగా ఉండాల్సిందే, అది వాళ్ళ తప్పు కాదు. కానీ కుండీలోకి వచ్చాక ఆ ముద్ద ఒకసారి ఎండిందంటే ఇటుకే. నా మందారం రోజూ నీళ్ళు పోస్తున్నా వాడిపోతుంటే పెకలించి చూశాను. చుట్టూ ఉన్న మట్టి నల్లగా తడిగా ఉంది, మధ్యలో ముద్ద పొడిగా రాయిలా ఉంది, వేళ్ళన్నీ దానిచుట్టూ కవరు ఆకారంలోనే చుట్టుకుని ఉన్నాయి. పోసిన నీళ్ళన్నీ పక్కనుంచి జారి వెళ్ళిపోతున్నాయన్నమాట. బకెట్టులో అరగంట నానబెట్టి, అంచులు చేత్తో మెల్లగా విదిలించి, చుట్టుకున్న వేళ్ళు రెండు మూడు కత్తిరించి మళ్ళీ నాటాను. వారం రోజులు నీడలో అలిగి కూర్చుంది, తర్వాత లేచింది. ఇప్పుడు రోజుకి మూడు పువ్వులిస్తోంది.

సిమెంటు కుండీలు చూడ్డానికి గట్టిగా, ఖరీదుగా ఉంటాయి, గాలివానకి పడవు. కానీ కొత్తవాటిలో సున్నం ఊరుతుంది. వారం పాటు నీళ్ళు నింపి పారబోసి వాడాలి, మాకెవరూ చెప్పలేదు. నూరువరహాల ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి, సున్నం ఎక్కువైతే ఇనుము అందక అలా అవుతుంది. మామూలు మట్టి కుండీ అయితే ఒంటి నిండా తేమ వదులుతూ వేళ్ళని చల్లగా ఉంచుతుంది, కాకపోతే నీళ్ళు తొందరగా ఆరిపోతాయి. నల్ల ప్లాస్టిక్ కుండీ మాత్రం ఏప్రిల్, మే ఎండలో డాబా మీద పెట్టకండి, మధ్యాహ్నం ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ఇక లోపల వేళ్ళ సంగతి మీరే ఊహించుకోండి.

మాలీ గురించి. అరవై దగ్గర పడిన మనిషి, ఒడియాలో మాట్లాడుతూ మధ్యలో తెలుగు కలుపుతాడు, నేను తెలుగులో మాట్లాడుతూ మధ్యలో ఒడియా కలుపుతాను, ఇద్దరికీ అర్థమైపోతుంది, బరంపురం అంటే అంతే కదా. నేను ఆయన్ని భాయినా, అంటే అన్నా, అంటాను, మా అత్తగారిని ఆయన మావుసీ, అంటే పిన్నీ, అంటాడు. నర్సరీ చేసిన తప్పులన్నీ దిద్దింది ఈయనే. కోలియస్‌కి పూత రాగానే గిల్లేయాలి, లేకపోతే ఆకు రంగు తగ్గిపోతుంది అని, బంతిపువ్వు ఎండాక రేకులు లాగేస్తే లాభం లేదు, కింద గింజ కట్టే బుడిపెతో సహా తుంచాలి, గింజ కట్టిందంటే మొక్క తన పని అయిపోయిందనుకుంటుంది అని, ఇలాంటివన్నీ పని చేస్తూ చెబుతాడు. ఆవచెక్క, ఇక్కడి మాటలో పిడియా, గుప్పెడు తీసుకుని లీటరు నీళ్ళలో నాలుగైదు రోజులు నానబెట్టి, దాన్ని పదింతల నీళ్ళతో పలచన చేసి పోయిస్తాడు. పూలు బాగా వస్తాయి, ఒప్పుకుంటాను, కానీ ఆ మూత తీసిన రోజు పక్కింటివాళ్ళు కిటికీలు మూసేశారు. చుట్టాలొచ్చే వారం మాత్రం పెట్టకండి. దాని బదులు నేను పదిహేను రోజులకోసారి లీటరుకి ఒకటి రెండు గ్రాముల 19:19:19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు, కలిపి పోస్తున్నాను. నేలలో మొక్కలా కాదు, కుండీలో రోజూ పోసే నీళ్ళతో పాటే ఎరువు కూడా కన్నంలోంచి బయటికి పోతుంది, అందుకని కొంచెం కొంచెంగా తరచుగా పెట్టాలి. మందారానికి పిండినల్లి పడితే వేపనూనె అయిదు మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు ద్రవం, లీటరు నీళ్ళు, సాయంత్రం పూట. అంతే.

నీళ్ళ విషయంలో ఆయన పద్ధతి వేలు. రెండు కణుపుల దాకా మట్టిలోకి దించు, చల్లగా తగిలితే వదిలెయ్, పొడిగా ఉంటే కింద కారేదాకా పొయ్యి. నేను యూట్యూబులో చూసి కొన్న తేమ మీటరు డ్రాయరులో పడి ఉంది, ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తాను.

మా అత్తగారి అభ్యంతరం వేరే. కుండీలు వచ్చిన రోజు అందరూ ఆహా ఓహో అంటుంటే ఆవిడ ఒక చుట్టు చుట్టి వచ్చి, "దేవుడికి పెట్టడానికి ఒక్క పువ్వు లేదేటమ్మా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది కానీ మాట నిజమే. తొమ్మిది కుండీల్లో మందారం, నూరువరహాలు తప్ప పూజకి వచ్చేవి లేవు. కోయడానికి పూలు కావాలా, జడలోకి కావాలా అని నర్సరీ ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. తెలుగిళ్ళలో, ఆ మాటకొస్తే ఒడియా ఇళ్ళలో కూడా, పొద్దున్నే సజ్జ పట్టుకుని కోసేవాళ్ళు ఒకరుంటారు, ఆ లెక్క డిజైనులో ఉండాలి కదా. ఇప్పుడు వంటింటి గుమ్మం దగ్గర ఒక నందివర్ధనం, ఒక కుండీ నిండా కనకాంబరాలు చేరాయి. ఎండ పూర్తిగా పడని చోట కనకాంబరం ఎంత బాగా పూస్తుందో, ఫొటోలో పెద్దగా పడదు గానీ సాయంత్రానికి మూర మాల వస్తుంది.

దీపావళి తర్వాత నేనే మూడు కుండీలు కట్టాను, మొక్కలు వాళ్ళ దగ్గరే కొని. ఒకదాంట్లో మధ్యలో నీలం సాల్వియా ఒకటి, చుట్టూ తెల్ల పిటూనియా మూడు, అంచున అలిస్సం మూడు. వాళ్ళయితే అదే పద్నాలుగంగుళాల కుండీలో పన్నెండు మొక్కలు ఇరికించేవాళ్ళు, ఆ రోజుకి నిండుగా కనిపించాలి కాబట్టి. నాది మొదటి మూడు వారాలు బోడిగా ఉంది, మా ఆయన "జుట్టు ఊడినట్టుంది" అని వెక్కిరించాడు కూడా. క్రిస్మస్ నాటికి మట్టి కనబడలేదు. మూడూ ఎండ కోరేవే, మూడింటి దాహమూ దాదాపు ఒకటే, అందుకే ఒక్కటీ పోలేదు. తెలుపు కావాలనే ఎక్కువ పెట్టాను, పొద్దు గూకాక కూడా కనబడుతుంది, వరండాలో టీ తాగే టైము అదే కదా. ఎండాకాలానికి కోడిజుట్టు పువ్వు, దాని చుట్టూ బిళ్ళగన్నేరు, అంచున నాచుపూలు అనుకున్నాను, మాలీ తలూపాడు.

వేలాడే బుట్టలు కూడా అంటగట్టబోయారు, వద్దన్నాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా మావగారు ముచ్చటపడి వేలాడదీసిన బుట్ట ఒకటి ఎదురింటి కిటికీ అద్దం పగలగొట్టి వాళ్ళ హాల్లోకి వెళ్ళింది. ఆయన పోయేదాకా ఆ అద్దం గొడవ తెగలేదు. మన తీరంలో ఉండేవాళ్ళు అక్టోబరులో తుపాను కబురు వినబడగానే రెయిలింగు మీదవన్నీ దించి గోడ వారగా నేల మీద పెట్టుకోవాల్సిందే. దాన్ని కూడా లెక్కలో వేసుకుని ఎత్తలేనంత పెద్ద పెట్టెలు కొనకండి. తడిసిన మట్టి బరువు ఎత్తేవాళ్ళ నడుముకే తెలుస్తుంది.

ఇప్పుడు వాళ్ళు సర్ది ఇచ్చే కుండీల "సెట్టు" మానేశాను, మాలీని మాత్రం ఉంచుకున్నాను, నెలకి ఆ 500 హాయిగా ఇస్తున్నాను. నర్సరీ ఆయన కూడా పెట్టెలకి కన్నాలు పొడిచే పంపిస్తున్నాడని మాలీ చెప్పాడు, రాళ్ళు మాత్రం ఇంకా పోస్తున్నాడట. మీరు వెళితే సర్దిన కుండీలు కొనకండి, మట్టీ మొక్కలూ విడిగా కొనుక్కోండి, ఎండ ఎన్ని గంటలు పడుతుందో ముందే చూసుకుని వెళ్ళండి, ఆయన అడగడు. సోమవారం మూసి ఉంటుంది. పొద్దున ఎనిమిది లోపు అన్నిటికీ పైపుతో నీళ్ళు కొడుతుంటారు, ఆ టైముకే వెళ్ళండి. మీకు నచ్చిన కుండీ ఒకసారి పైకెత్తి కింద నుంచి నీళ్ళు కారుతున్నాయో లేదో చూసి, అప్పుడు రేటు అడగండి.